బొగ్గును తూచినట్టే బూడిదనూ తూచండి

ఎన్నూరు, అత్తిపట్టు, వల్లూరు ప్రాంతాల బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు, కెమిస్టులకు బహిరంగ లేఖ

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం.

నేను కొత్తగూడెం వైపు ఒక థర్మల్ స్టేషన్ ల్యాబ్‌లో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తిరువొత్తియూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. షిఫ్టుకు వెళ్తూ మీలో కొందరు నెల్లూరు యాసలోనో శ్రీకాకుళం యాసలోనో మాట్లాడుకుంటుంటే వింటూ ఉంటాను. ఆ మాటల్లో మిల్లు, ఐడీ ఫ్యాన్, ట్యూబు లీకు అని వినబడితే నాకు మళ్లీ డ్యూటీలో ఉన్నట్టే ఉంటుంది. ఆ చనువుతోనే రాస్తున్నాను. పై అధికారులకు తమిళంలో అర్జీలు రాసినవాళ్లు, కోర్టులకు వెళ్లినవాళ్లు ఇక్కడ ఎందరో ఉన్నారు. వాళ్ల పని వాళ్లు బాగా చేశారు. ప్లాంటు లోపల లెక్కలు రాసే చేతులు మీవి కాబట్టి నేను మిమ్మల్నే అడగాలనుకున్నాను.

అడిగేది ఒకటే. మీ కేంద్రంలో నిన్న ఎంత బూడిద పుట్టింది, అందులో ఎంత లారీల్లో బయటికి పోయింది, ఎంత బూడిద చెరువుకు, అంటే బూడిదను నీళ్లతో కలిపి నింపే చెరువుకు, చేరింది. ఈ మూడు అంకెలూ ప్రతిరోజూ గేటు బయట బోర్డు మీద తమిళంలోనూ తెలుగులోనూ రాయించండి.

చిన్న కోరికలా కనబడుతుంది కానీ, దీని వెనక ఏముందో బొగ్గు దగ్గర్నుంచి చెప్పుకొస్తేనే తెలుస్తుంది. మీకు తెలిసిన సంగతులే ఇవి. ఈ ఉత్తరం మీ ఇంట్లోవాళ్లు, మీ వీధిలోవాళ్లు కూడా చదువుతారని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ కేంద్రాలకు వచ్చే దేశవాళీ బొగ్గులో ఎక్కువ భాగం ఒడిశాలోని తాల్చేరు నుంచి వస్తుంది. కోల్ ఇండియా కింద ఉండే మహానది కోల్‌ఫీల్డ్స్ గనులవి. లింగరాజ్, భువనేశ్వరి, అనంత అని వాటి పేర్లు. అన్నీ ఓపెన్‌కాస్టులే. పైమట్టి తీస్తారు, దాని కింది రాయి తీస్తారు, వాటిని పక్కన గుట్టలు పోస్తారు. గని పక్కన పుట్టే కొండలన్నీ అవే. బొగ్గు పొర బయటపడ్డాక చాలాచోట్ల ఇప్పుడు పేలుళ్లు లేకుండా సర్ఫేస్ మైనర్ అనే యంత్రం దాన్ని పొరలు పొరలుగా గీకేస్తుంది. డంపర్లు దాన్ని సైడింగు దగ్గరికి చేరుస్తాయి. అక్కడ వ్యాగన్లలో నింపి మొదటిసారి తూస్తారు.

అక్కడి నుంచి రైల్లో పారాదీప్ రేవుకు. ఒక్కో రేకులో, అంటే ఒక్కో గూడ్సు రైల్లో, దాదాపు 58 వ్యాగన్లు, సుమారు 4 వేల టన్నులు. రేవులో దించి ఓడకెత్తేటప్పుడు మళ్లీ లెక్క. ఓడ నీళ్లలో ఎంత లోతుకు దిగిందో పక్కన గీసిన గీతలు చూసి అందులో ఎంత సరుకుందో కడతారు. ఓడ మన ఉత్తరాంధ్ర తీరం, కోస్తా తీరం పక్కగా దిగి ఎన్నూరు రేవుకొస్తుంది. 2001లో పని మొదలుపెట్టిన ఈ రేవును ముందుగా కట్టిందే ఈ బొగ్గు కోసం. దానికి ఇప్పుడు కామరాజర్ పేరు పెట్టారు. ఇక్కడ దించేటప్పుడు మరోసారి గీతలు చూస్తారు. కన్వేయర్ బెల్టు కింద తూకం పెట్టెలుంటాయి, అక్కడ ఇంకోసారి. బంకరు అనే నిల్వ తొట్టి నుంచి బొగ్గును పొడిచేసే మిల్లులోకి పడేటప్పుడు ఫీడరు ఎన్ని టన్నులు వదిలిందో గంటగంటకూ రాస్తుంది. గనిలో నింపినప్పుడు శాంపిలు, ప్లాంటులో దించాక శాంపిలు, మధ్యలో ఎవరి వైపూ మొగ్గకుండా చూడడానికి మూడోవాళ్ల శాంపిలు. ఒక్క బొగ్గు గడ్డ గని నుంచి కొలిమికి చేరేలోపు ఎన్ని చేతుల తూకంలోకి వస్తుందో చూడండి. ఎందుకంటే ప్రతి టన్నుకూ డబ్బు కడుతున్నారు. టన్ను తగ్గితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

ఇక బూడిద దగ్గరికి రండి.

ల్యాబ్‌లో నా రోజు ఒక గ్రాము బొగ్గుతో మొదలయ్యేది. మెత్తగా నూరిన శాంపిల్లో గ్రాము తీసి, మూసలో వేసి, 815 డిగ్రీల కొలిమిలో పెట్టి, మండాల్సింది మండాక మిగిలింది తూచడం. మిగిలేది 0.35 గ్రాము, ఒక్కోరోజు 0.40 కూడా. చూడ్డానికి చిటికెడు. అదే చిటికెడును 500 మెగావాట్ల యూనిట్‌కు లెక్కగట్టండి. పూర్తి లోడ్‌లో ఆ యూనిట్ రోజుకు 1.2 కోట్ల యూనిట్ల కరెంటు ఇస్తుంది. ఒక్క యూనిట్ కరెంటుకు దాదాపు 650 గ్రాముల బొగ్గు అనుకుంటే రోజుకు 7,800 టన్నులు, అంటే రెండు రేకులు. అందులో 38 శాతం బూడిదైతే దగ్గర దగ్గర 3 వేల టన్నులు. వల్లూరులో అలాంటి యూనిట్లు మూడున్నాయి. పక్కనే ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రంలో 210 మెగావాట్లవి మూడు, 600వి రెండు, వాటికి తోడు 2024లో మొదలైన 800 మెగావాట్ల యూనిట్ ఒకటి. అన్నీ ఏ రోజూ ఒకేసారి పూర్తి లోడ్‌లో ఉండవు, నిజమే. సగం తీసేసినా మిగిలేది కొండే.

ఇంత బూడిద ఎందుకు? ఎవరి నిర్లక్ష్యమూ కాదు, మన బొగ్గు పుట్టుకే అంత. తాల్చేరు బొగ్గూ, మన గోదావరి లోయలోని సింగరేణి బొగ్గూ ఒకే కాలానివి, 25 కోట్ల ఏళ్లకు పైబడిన గోండ్వానా అడవులవి. నదులు కొట్టుకొచ్చిన చెట్లూ చేమలతో పాటు మట్టీ ఒండ్రూ కలిసి పేరుకున్నాయి. ఆ మట్టి బొగ్గు లోపల కణకణంలోనూ కలిసిపోయింది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరడానికి వీల్లేదు, కడిగినా కొంతే పోతుంది. అందుకే ఈ దేశంలో బొగ్గు కరెంటు ఉన్నన్నాళ్లూ బూడిద ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టామన్నదే మన చేతిలో ఉంది.

మా ఇంటి సంగతే చెప్తాను. ఏసీ, గీజరు, వాషింగ్ మెషీన్, రెండు ఫ్రిజ్‌లు, నెలకు 300 యూనిట్లు. ఆ కరెంటంతా బొగ్గుదే అనుకుంటే దాదాపు 200 కిలోల బొగ్గు, 75 కిలోల బూడిద. సిమెంటు బస్తాల లెక్కన బస్తాన్నర. అడయారులోనో అణ్ణానగర్‌లోనో ఉండే ఇల్లు కూడా నెలనెలా అంత బూడిదను తయారుచేస్తుంది. దాన్ని పెట్టుకోవడం మాత్రం అడయారు వంతుకు రాదు. సెప్పాక్కం వంతుకు వస్తుంది.

సెప్పాక్కం మీకు తెలుసు. బూడిద చెరువు ఒడ్డున ఉన్న ఊరు. వేసవిలో గాలి లేస్తే చెరువు మీద ఆరిన బూడిద ఎటు పోతుందో, ఈశాన్య రుతుపవనాల వానల్లో ఆ గట్ల అవతల నీళ్లు ఎటు పోతాయో అక్కడివాళ్లను అడగండి. ఆ ఊరి పక్కనే కొసస్థలైయారు నది, ఎన్నూరు ఉప్పుటేరు, బకింగ్‌హామ్ కాలువ. ఒకప్పుడు మన కృష్ణా డెల్టా నుంచి పడవలు వచ్చిన కాలువే అది. ఇక్కడి నుంచి ఉత్తరంగా పోతే పులికాట్ చేరుతుంది, అంటే సూళ్లూరుపేట వైపు మన జాలర్లు వలలు వేసే నీళ్లతో కలుస్తుంది. ఎన్నూరులో నీళ్లు పాడైతే అది తమిళనాడు సంగతి, మనకెందుకు అనుకునే తెలుగువాళ్లు ఒక్కసారి మ్యాపు తెరిచి చూడాలి.

ఈ ఉప్పుటేట్లో ఇరుళర్లు నడుములోతు నీళ్లలో నిలబడి, వంగి, బురదలో చేతులు పెట్టి రొయ్యలు పడతారు. మన నెల్లూరు వైపు యానాదులు చేసే పనే. వల లేదు, పడవ లేదు, చేతులే. ఆ బురద మీద బూడిద పేరుకుంటే పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడ్డా బుట్ట నిండదు. బూడిద గరుకు, అందులో ఎక్కువ భాగం సిలికా. నీళ్లడుగున అది పరుచుకుంటే లోతు తగ్గుతుంది, అడుగున బతికే జీవానికి చోటుండదు. మీనవ కుప్పాలవాళ్లు, అంటే జాలరి పల్లెలవాళ్లు, చెప్పేదీ అదే, ఒకప్పుడు లోతున్న చోట ఇప్పుడు పడవ నేలకు తగులుతోందని. బూడిద ఒక్కటే కారణమని నేననను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదలో ఈ ఉప్పుటేట్లోకి చమురు కూడా చేరింది. అన్నివైపుల నుంచీ అందరూ తెచ్చి పోసే చోటు కాబట్టే, ఎవరు ఎంత పోశారన్న లెక్క ముందు తేలాలి.

బూడిద అక్కడికి ఎలా చేరుతుందో మీకు నేను చెప్పాలా? బాయిలర్ అడుగున పడే గట్టి బూడిద అయిదో వంతు. మిగతా నాలుగు వంతులూ పొగతో పైకి పోయేది. ఈఎస్పీ అనే ధూళి పట్టే యంత్రంలో కరెంటు పెట్టి దాన్ని పట్టుకుంటాం. 99.9 శాతం పట్టినా 500 మెగావాట్ల యూనిట్ పొగగొట్టం నుంచి రోజుకు రెండు టన్నులకు పైగా గాల్లోకి పోతుంది. పట్టుకున్నదాన్ని పొడిగా సైలోకి, అంటే నిల్వ గోపురానికి, పంపితే సిమెంటు ఫ్యాక్టరీ లారీలు తీసుకుంటాయి. పొడిగా తీసుకోలేనిది, తీసుకోనిది నీళ్లలో కలిపి పైపుల్లో చెరువుకు తోస్తాం. ఒక పాలు బూడిదకు అయిదారు పాళ్ల నీళ్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే.

ఆ పైపు దగ్గరే అసలు కథ. గరుకు బూడిద పైపు అడుగునే రాసుకుంటూ పోతుంది కాబట్టి అడుగు ముందు అరుగుతుంది. అందుకే కొన్నాళ్లకోసారి పైపును తిప్పి పెట్టాలని మాకు నేర్పారు. వంపుల దగ్గర బసాల్ట్ లైనింగ్ ఉన్న పైపు వేయాలి. ఇవన్నీ మెయింటెనెన్స్ పుస్తకంలో ఉన్న మాటలే. సముద్రం పక్కన ఉప్పు గాలి బయటి నుంచి తింటుంటే, బూడిద లోపలి నుంచి తింటుంటే ఆ పైపుకు ఆయుష్షు ఎంత? తిప్పాల్సిన నెలలో తిప్పకపోతే, మార్చాల్సిన ఏడాది టెండరు ఆలస్యమైతే జాయింటు దగ్గర చీలుతుంది. కారేది ఉప్పుటేట్లో కారుతుంది. యూనిట్ ఆగదు, ఫ్రీక్వెన్సీ తగ్గదు, కంట్రోల్ రూమ్‌లో అలారం మోగదు. బాయిలర్ ట్యూబు లీకైతే అర్ధరాత్రి మనల్ని లేపుతారు. బూడిద పైపు లీకైతే ఎవరినీ లేపరు. రెండూ లీకులే. ఒకదానికి కరెంటు పోతుంది, రెండోదానికి రొయ్యలు పోతాయి. ఆ తేడా నాకు సర్వీసులో ఉన్నప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

దీని మీద చట్టం లేకపోలేదు. బూడిద వాడకం మీద కేంద్రం మొదటి నోటిఫికేషన్ 1999లో ఇచ్చింది. ఎన్నోసార్లు మార్చి, 2021 డిసెంబరు 31న కొత్తది తెచ్చింది. పుట్టిన బూడిదంతా వాడి తీరాలి, వాడకుండా మిగిలిన ప్రతి టన్నుకూ వెయ్యి రూపాయల పరిహారం కట్టాలి. పాత చెరువుల్లో పేరుకున్నదాన్నీ గడువు పెట్టుకుని ఖాళీ చేయాలి. ఎన్నూరు బూడిద సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచిలో ఏళ్ల తరబడి నడిచింది, నిపుణుల కమిటీలు వచ్చి చూసి వెళ్లాయి. నెలవారీ లెక్కలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌కు వెళ్తున్నాయి. మంచిదే. కానీ సెప్పాక్కంలో ఉండే మనిషి ఆ పోర్టల్ తెరిచి, ఇంగ్లీషులో ఉన్న నెల మొత్తాన్ని చూసి, మంగళవారం రాత్రి తన వాకిట్లోకి వచ్చిన బూడిద నీళ్లు అందులో ఎక్కడున్నాయో కనుక్కోగలడా?

"మా చేతుల్లో ఏముంది సార్" అంటారని తెలుసు. మీ వయసులో నేనూ విన్న మాటే. అందుకే మీ చేతుల్లో ఉన్న కాగితాలు ఏమిటో గుర్తుచేస్తాను. ఫీడర్ల టన్నులు మీ దగ్గర ఉన్నాయి. ఆ రోజు బొగ్గులో బూడిద ఎంత శాతమో ల్యాబ్ చెప్తుంది. రెండూ గుణిస్తే నిన్న ఎంత బూడిద పుట్టిందో వచ్చేస్తుంది. సైలో దగ్గర నిండిన ప్రతి లారీ తూకం ఎక్కుతుంది, ఎందుకంటే అవతలివాళ్లు లెక్క చూసుకుంటారు. పుట్టినదాంట్లోంచి లారీల్లో పోయింది తీసేస్తే చెరువుకు వెళ్లాల్సింది ఎంతో తేలుతుంది. ఈ మూడు అంకెలకూ కొత్త మిషను అక్కర్లేదు, కొత్త మనిషి అక్కర్లేదు. పొద్దున పది గంటలకు హెడ్డాఫీసుకు వెళ్లే డైలీ రిపోర్టులో ఇంకో గడి గీయడమే.

ఇక్కడితో ఆగకూడదు, ముఖ్యమైనది ఇప్పుడు చెప్తాను. మూడు నెలలకోసారి చెరువును సర్వే చేయించండి. ఇప్పుడు డ్రోన్లతో అది పెద్ద పని కాదు. చెరువులో బూడిద మట్టం ఎంత పెరిగిందో చూస్తే నిజంగా ఎంత చేరిందో తెలుస్తుంది. పంపామని రాసుకున్న లెక్క ఒకటి, చేరిందని కొలిచిన లెక్క ఇంకొకటి. కొలతల్లో కొంత తప్పు ఉంటుంది, దాన్ని తీసేయండి. ఆ పైన మిగిలిన తేడా దారిలో పోయిన బూడిద. పైపు వెళ్లే దారి ఉప్పుటేరే. ఇన్నేళ్లుగా "కారుతోంది" అని ఊళ్లవాళ్లు, "కొద్దిగానే" అని అధికారులు చెప్పుకుంటున్న వాదనకు ఈ ఒక్క తీసివేత జవాబు చెప్తుంది. ఆ జవాబు మీకు అనుకూలంగా రావచ్చు కూడా. వస్తే ఊరికి మీ మీద నమ్మకం పెరుగుతుంది. రాకపోతే ఏ జాయింటు దగ్గర వెతకాలో మీకు తెలుస్తుంది.

లెక్క బయటపెడితే గొడవలవుతాయని కొందరు సీనియర్లు భయపడతారు. ఈ ఊళ్లోనే జరిగింది గుర్తుచేసుకోండి. రాయపురం, తండయార్‌పేట వాళ్లు ఏళ్లపాటు చెన్నై రేవు బొగ్గు ధూళి పీల్చారు. వాళ్ల గోడు మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. 2011లో చెన్నై రేవులో బొగ్గు దించడం ఆగి ఎన్నూరుకు మారింది. రాయపురం బట్టలు తెల్లబడ్డాయి, సంతోషమే. ఆ బొగ్గు వచ్చి చేరిన చోటు ఎన్నూరు. ఉత్తర చెన్నై నుంచి బరువు మారిన ప్రతిసారీ ఇంకాస్త ఉత్తరానికే మారుతోంది. ఇక్కడి నుంచి ఇంకెక్కడికీ మార్చలేం, కాబట్టి ఇక్కడే లెక్క కట్టాలి.

బూడిదను చెత్తగా చూసే రోజులు కూడా పోయాయి. పీపీసీ రకం సిమెంటులో 35 శాతం వరకు ఫ్లై యాష్, అంటే పొగలోంచి పట్టిన బూడిద, కలపొచ్చు. ఇటుకలు, రోడ్ల కట్టలు, పల్లపు నేలల పూడిక, అన్నింటికీ పనికొస్తోంది. మన వైపు థర్మల్ స్టేషన్ల దగ్గర బూడిద కోసం లారీలవాళ్లు పోటీ పడుతున్నారు. అంటే బూడిదకూ ధర వచ్చింది. ధర ఉన్న సరుకును తూచకుండా నీళ్లలో కలిపి తోయడం ఏ అకౌంట్సు ఆఫీసరూ ఒప్పుకోకూడని పని.

నేను ప్లాంట్లు మూసేయమనేవాణ్ణి కాదు. రాత్రి ఏడింటికి సోలార్ దిగిపోయాక ఈ ఊరి ఆసుపత్రుల్లో, లోకల్ రైళ్లలో, మా ఇంటి ఫ్యాన్‌లో కరెంటుందంటే అందులో మీ షిఫ్టు ఉంది. వర్షాకాలంలో తడిసిన బొగ్గు చూట్‌లో ఇరుక్కుంటే గెడలు పట్టుకుని కొట్టేది మీరే. యార్డులో బొగ్గు దానంతటదే అంటుకుంటే రాత్రంతా నీళ్లు కొట్టేదీ మీతోపాటు పనిచేసే కాంట్రాక్టు కూలీలే, వాళ్లలో మన శ్రీకాకుళంవాళ్లు ఎందరో. ఆ కష్టం నాకు తెలుసు. అదే శ్రద్ధ చివరి పైపు దాకా రావాలని అడుగుతున్నాను.

కాబట్టి ఈ నెల మీరు చేయగలిగింది ఇది. ల్యాబ్‌లో ఉన్నవాళ్లు రోజువారీ బూడిద శాతాన్ని ఎఫిషియెన్సీ సెక్షన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఎఫిషియెన్సీలో ఉన్నవాళ్లు ఆ మూడు అంకెల గడి రిపోర్టులో కలపమని నోట్ పెట్టండి. యాష్ హ్యాండ్లింగ్‌లో ఉన్నవాళ్లు పైపు చివరిసారి ఎప్పుడు తిప్పారో, ఏ జాయింట్లు మార్చాలో తేదీలతో రాసి పై అధికారికి పంపండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. బోర్డు మీద ఒక ఫోన్ నంబరు ఉండాలి. లీకు చూసిన జాలరి దానికి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి మూడు షిఫ్టుల్లోనూ ఉండాలి, ఆయన ఫోన్ ఎప్పుడొచ్చింది, పైపు ఎప్పుడు బాగైంది అన్నది అదే బోర్డు మీద మర్నాడు కనబడాలి. పైవాళ్లు కుదరదంటే ఎందుకు కుదరదో కాగితం మీద అడగండి.

బోర్డు మీద తెలుగు రాయడానికి మనిషి దొరక్కపోతే కబురు పెట్టండి. తిరువొత్తియూరు నుంచి అత్తిపట్టు దూరమేమీ కాదు, పొద్దున్నే వచ్చి రాసి వెళ్తాను.

ఇట్లు,
మీ పాత సహోద్యోగి,
ఒక రిటైర్డ్ కెమిస్టు, తిరువొత్తియూరు